మీకు తెలుసా? పక్షవాతం మందు మొదట గర్భసంచిలోంచి వచ్చింది!

మెదడులో ఒక పెద్ద రక్తనాళం పూడుకుపోతే నిమిషానికి ఎన్ని నాడీకణాలు చచ్చిపోతాయి? ఊహించండి చూద్దాం. వందా? వెయ్యా? 19 లక్షలు! ఇప్పుడు మనం శ్రీ సత్యసాయి జిల్లా అంటున్న ప్రాంతమంతటి జనాభా 2011 లెక్కల్లో సుమారు 18 లక్షల 40 వేలు. బత్తలపల్లె, ధర్మవరం, కదిరి, హిందూపురం, పుట్టపర్తి... ఊరూరా మనుషులను లెక్కపెడితే ఎంతమందో, ఒక్క నిమిషంలో మెదడు అంతకంటే ఎక్కువ కణాలను పోగొట్టుకుంటుంది. ఆడమనిషైనా మగమనిషైనా ఇక్కడిదాకా లెక్క ఒకటే. తేడాలన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. ఆ తేడాలు ఎంత విచిత్రమో చదవండి. ఇంట్లో అవ్వ ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి!

★ అదే ఒక్క నిమిషంలో పాడైపోయే నరాల పోగులను కొసకు కొస కలిపితే 12 కిలోమీటర్లు! బత్తలపల్లెలో బయలుదేరితే దాదాపు ధర్మవరం దాపుల దాకా పోవచ్చు.

★ చికిత్స లేకుండా ఒక గంట గడిచిందా, మెదడు 3.6 ఏళ్లు ముసలిదైపోతుంది. బత్తలపల్లె నుంచి బెంగళూరుకు కారులో నాలుగు గంటలు పట్టిందనుకోండి, 14 ఏళ్లకు పైమాటే! యాభై ఏళ్ల మెదడుతో ఊర్లో బండెక్కిన మనిషి అరవై నాలుగేళ్ల మెదడుతో బెంగళూరులో దిగుతాడన్నమాట.

★ పక్షవాతం ఎక్కువగా ఎవరికి వస్తుంది, ఆడవాళ్లకా, మగవాళ్లకా? చాలామంది ఠక్కున మగవాళ్లకే అంటారు. ప్రపంచవ్యాప్తంగా 2016 వరకు తీసిన లెక్క చూడండి: 25 ఏళ్లు దాటిన మనిషికి మిగిలిన జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పక్షవాతం వచ్చే అవకాశం మగవాళ్లలో 24.7 శాతం, ఆడవాళ్లలో 25.1 శాతం! నలుగురిలో ఒకరికి, ఇద్దరికీ సమానంగా. నడివయసులో మగవాళ్లు ముందుంటారు, కానీ ఆడవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి ముసలితనంలో లెక్క సరిపోతుంది.

★ ఇక అసలు వింత! రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే మందు ఒకటుంది, పేరు ఆల్టెప్లేస్. ఇది మన ఒంట్లోనే సహజంగా తయారయ్యే పదార్థం. 1979లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దాన్ని మొదటిసారి శుద్ధిచేసి బయటికి తీశారు. ఎక్కడి నుంచో తెలుసా? ఆడవాళ్ల గర్భసంచి కణజాలంలోంచి! అయిదు కిలోల కణజాలాన్ని వడగట్టి వడగట్టి తీస్తే దక్కింది ఒక్క మిల్లీగ్రాము. ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. ఈ మందును కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. యాభై కిలోల మనిషికి 45 మిల్లీగ్రాములు కావాలి. పాత పద్ధతిలో అయితే ఒక్క రోగికి 225 కిలోల కణజాలం!

★ అందుకే ఇప్పుడు అలా తీయడం లేదు. ఈ మందు తయారుచేసే జన్యువును తెచ్చి కణాలలో పెట్టి పెంచుతున్నారు. ఆ కణాలు దేనివి అనుకుంటున్నారు? చైనా హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక అండాశయానివి! 1957లో ఒక ఆడ చిట్టెలుక నుంచి తీసిన కణాలు ఆ తర్వాత కోట్లకు కోట్లుగా పెరుగుతూనే ఉన్నాయి. గర్భసంచి అయిపోయాక అండాశయం. మందు పుట్టుక మొత్తం ఆడపుట్టుకే!

★ మరి ఆ మందు ఆడవాళ్లకు అందిందా? ఇక్కడే నాకు గుండె కలుక్కుమంటుంది. 2009లో ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకు ఈ మందు పడే అవకాశం 30 శాతం తక్కువ! తర్వాతి పదేళ్ల అధ్యయనాలను 2020లో మళ్లీ కలిపి చూశారు. తేడా 13 శాతానికి తగ్గింది. తగ్గింది, నిజమే. పోలేదు.

★ పోనీ, ఆడవాళ్లకు మందు సరిగా పనిచేయదేమో అనుకుంటున్నారా? 2005లో వచ్చిన ఒక లెక్క చూస్తే నోరెళ్లబెడతారు. మందు పడని ఆడవాళ్లలో నూటికి 30 మంది బాగా కోలుకుంటే, మందు పడినవాళ్లలో 40 మంది కోలుకున్నారు. మగవాళ్లలో? మందు లేకపోయినా దాదాపు 37, మందు పడితే 38 చిల్లర. అంటే, మందు లేనప్పుడు వెనకబడిన ఆడవాళ్లు, మందు పడగానే మగవాళ్లతో సమానమైపోయారు! ఆ తర్వాత మరింత ఎక్కువమందిని కలిపి చూసినప్పుడు ఇంత పెద్ద తేడా కనబడలేదు. అయితే ఈ మందు ఆడవాళ్లకూ మగవాళ్లకూ మేలు చేస్తుందన్నది మాత్రం గట్టిపడింది.

★ తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం దూర్చి, మెదడు దాకా పంపి, గడ్డను పట్టి బయటికి లాగేస్తారు, తెలుసా? 2015 నుంచి ఈ చికిత్స పేరు ప్రపంచమంతా మోగిపోయింది. ఏడు పెద్ద పరీక్షలను కలిపి చూస్తే ఫలితం ఆడామగా ఇద్దరికీ ఒకటే! గొట్టానికి పక్షపాతం లేదు.

★ అయితే తేడా ఎక్కడ పుడుతోంది? మందులో కాదు, చాలావరకు మందు దాకా వచ్చే దారిలో. గడ్డ కరిగించే మందు వేయడానికి గడువు నాలుగున్నర గంటలు. అది మూతి వంకరపోయినప్పటి నుంచి లెక్క, ఆస్పత్రికి వచ్చినప్పటి నుంచి కాదు! అనంతపురం పల్లెల్లో ఆ నాలుగున్నర గంటలు ఎలా కరిగిపోతాయో కొంచెం దగ్గరగా చూద్దాం. శెనక్కాయల కాలం. కొడుకులు బెంగళూరులో కూలికి పోయారు, ముసలాయన గొర్రెల వెంట పోయాడు. అవ్వ అరుగు మీద కూర్చుని కాయలు వలుస్తోంది. చేతిలోని కాయ జారింది, మళ్లీ తీసుకుంటే మళ్లీ జారింది. పక్కింటి పిల్ల అడిగితే, "ఏం లేదులే నాయనా, రవంత తిమ్మిరెక్కింది, పండుకుంటే పోతుంది" అంది. పడుకుంది. ముసలాయన సాయంత్రం వచ్చాడు. "పెద్దోడికి ఫోన్ చేసి అడుగుదాం, పొద్దున పోదాం" అన్నాడు. తెల్లారింది. ఇది కల్పించిన సంగతే, కానీ మన పల్లెల్లో ఎవరినడిగినా ఇలాంటిది ఒకటి చెబుతారు. అదే ముసలాయన చేతిలోంచి చెంబు జారి ఉంటే? అవ్వ అప్పుడే కేకేసి వీధంతా పోగేసేది!

★ పడమటి దేశాల్లో ఇదే సంగతి ఇంకో రూపంలో ఉంది. అక్కడ పక్షవాతం వచ్చేనాటికి ఆడవాళ్ల వయసు మగవాళ్లకంటే సగటున నాలుగేళ్లకు పైగా ఎక్కువ. అప్పటికి చాలామందికి భర్త పోయి ఉంటాడు, మూతి వంకరపోయిందని చెప్పడానికి ఇంట్లో రెండో మనిషి ఉండరు!

★ డాక్టర్లు కూడా పొరబడతారు! అమెరికా అత్యవసర విభాగాల లెక్కల్లో, పక్షవాతాన్ని గుర్తుపట్టలేక ఇంటికి పంపేసే ప్రమాదం ఆడవాళ్లకు 20 నుంచి 30 శాతం ఎక్కువ. ఆడవాళ్లలో చెయ్యి పడిపోవడం, మాట తడబడటంతో పాటు తలనొప్పి, అయోమయం, ఒళ్లంతా నీరసం కూడా ఎక్కువగా కనిపించడం ఒక కారణం. దాన్ని చూసి గాభరా పడిందనో, నిద్ర చాలలేదనో అనుకుంటారు.

★ మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం కొవ్వుతో బాగా సన్నబడితే ఆపరేషన్ చేసి శుభ్రం చేస్తారు. అయిదేళ్లలో ఒక్క పక్షవాతాన్ని ఆపడానికి ఎంతమందికి ఆపరేషన్ చేయాలి? మగవాళ్లలో 9 మందికి. ఆడవాళ్లలో 36 మందికి! నాలుగింతలు! ఆడవాళ్ల నాళాలు సన్నవి, ఆపరేషన్‌లో ప్రమాదం కొంచెం ఎక్కువ, పైగా ఆపరేషన్ లేకపోయినా వాళ్లకు మళ్లీ పక్షవాతం వచ్చే అవకాశం కొంత తక్కువ.

★ ఇంకా వింత కావాలా? ఆస్పిరిన్ మాత్ర తీసుకోండి. (మింగమని కాదు, సంగతి తీసుకోమని!) అమెరికాలో 22,071 మంది మగ డాక్టర్లకు రోజు విడిచి రోజు ఆస్పిరిన్ ఇచ్చి చూస్తే గుండెపోట్లు 44 శాతం తగ్గాయి, పక్షవాతం మాత్రం తగ్గలేదు. తర్వాత 39,876 మంది ఆడవాళ్లకు పదేళ్లు ఇచ్చి 2005లో ఫలితం చెప్పారు. గుండెపోట్లు తగ్గలేదు, పక్షవాతం 17 శాతం తగ్గింది! అదే మాత్ర, అక్కడ గుండెకు, ఇక్కడ మెదడుకు! ఒక్క మాట గట్టిగా చెప్పాలి: చెయ్యి పడిపోయిన మనిషికి ఇంట్లోనే ఆస్పిరిన్ వేయకండి. నాళం పూడుకుందో చిట్లిందో స్కాన్ తీస్తే తప్ప తెలియదు. చిట్లి ఉంటే ఆస్పిరిన్ కీడే చేస్తుంది.

★ పక్షవాతం ముసలివాళ్ల జబ్బేనా? కానే కాదు! మెదడులోంచి చెడు రక్తాన్ని బయటికి తెచ్చే సిరల్లో గడ్డకట్టే రకం ఒకటుంది, అది పడుచువాళ్లను పట్టుకుంటుంది. హైదరాబాదు నిమ్స్ డాక్టర్లు 428 మంది ఇలాంటి రోగుల వివరాలు పోగేసి 2012లో ప్రచురించారు. సగటు వయసు సుమారు 31 ఏళ్లు!

★ ఈ సిరల గడ్డ బాలింతలకు ప్రత్యేక శత్రువు. కాన్పు అయిన కొన్ని వారాల దాకా ఆడవాళ్ల రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువ. కాన్పులో పోయే నెత్తురు ఆగడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. దానిమీద మనం ఏం చేస్తాం? పథ్యం పేరుతో నీళ్లు తగ్గిస్తాం! ఏప్రిల్ నెల, అనంతపురం ఎండ, తలుపులు మూసిన గది, చెవుల్లో దూది, తలకు గుడ్డ, రోజుకు లెక్కపెట్టి ఇచ్చే గ్లాసుల నీళ్లు. ఒంట్లో నీరు ఇంకితే రక్తం చిక్కబడుతుంది. మన దేశంలో బాలింతలకు ఈ జబ్బు ఎక్కువగా రావడానికి ఇదొక కారణమని డాక్టర్లు ఏనాటి నుంచో చెబుతున్నారు. బాలింత దాహమంటే నీళ్లివ్వండి! కాన్పు తర్వాత తలనొప్పి రోజురోజుకూ ముదురుతున్నా, ఫిట్స్ వచ్చినా గాలి సోకిందని తాయెత్తు కట్టకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

★ ఇదే జబ్బులో ఒక తీపి కబురు! 21 దేశాల్లో 624 మందిని గమనిస్తే ప్రతి నలుగురు రోగుల్లో దాదాపు ముగ్గురు ఆడవాళ్లే. అయితే పూర్తిగా కోలుకున్నవాళ్లు ఆడవాళ్లలో 81 శాతం, మగవాళ్లలో 71 శాతం! సరైన వేళకు పట్టుకుంటే గెలుపు ఆడవాళ్లదే.

★ నిమ్స్‌తో సహా అయిదు పెద్దాసుపత్రుల్లో నాళం పూడుకుని పక్షవాతం వచ్చిన 2,066 మంది భారతీయుల వివరాలు రాశారు. వాళ్లలో మగవాళ్లు 67 శాతం! మరి మిగతా ఆడవాళ్లంతా ఏమయ్యారు? నడివయసులో మగవాళ్లకు జబ్బు ఎక్కువ రావడం ఒక కారణం. అంతదూరం ఆడవాళ్లను ఎవరూ తీసుకుపోకపోవడం ఇంకొకటని నా నమ్మకం. ఎందుకంటే ఆస్పత్రి లెక్కలో గడప దాటినవాళ్లే ఉంటారు, దాటనివాళ్లు ఏ పుస్తకంలోనూ ఉండరు.

★ పరీక్షలదీ అదే కథ. 281 పక్షవాత పరీక్షల్లో పాల్గొన్న 5 లక్షల 88 వేల మందిలో ఆడవాళ్లు 37 శాతం. అసలు ప్రపంచంలో పక్షవాతం వచ్చినవాళ్లలో ఆడవాళ్లు 48 శాతం!

★ గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఏ రాష్ట్రంలో ఎక్కువో తెలుసా? మన ఆంధ్రప్రదేశ్‌లోనే! 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రలో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తానికి 3.2 శాతమే! దీనికీ పక్షవాతానికీ ఏం సంబంధం అంటారా? చిన్న వయసులో అండాశయాలు కూడా పోతే ముట్లు ముందే ఉడిగిపోతాయి, ముట్లు తొందరగా ఉడిగినవాళ్లకు పక్షవాతం ముప్పు పెరుగుతుంది. కడుపునొప్పి అని వెళ్లిన ముప్పై ఏళ్ల తల్లికి "తీసేస్తే పీడా పోతుంది" అని ఎవరైనా చెబితే, రెండో డాక్టరును కూడా అడగండి.

★ గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి గుర్రపువాతం దాకా వెళ్లినవాళ్లకు ఆ తర్వాతి జీవితంలో పక్షవాతం ముప్పు సుమారు రెండింతలు. బిడ్డ పుట్టగానే అంతా అయిపోయిందనుకుంటాం, కానీ ఏటా బీపీ చూపించుకోవాల్సింది వాళ్లే!

★ మెదడు పైపొర కింద రక్తం చిమ్మే రకం ఆడవాళ్లకు ఎక్కువ, మెదడు లోపలే చిట్లే రకం మగవాళ్లకు ఎక్కువ.

★ పల్లెటూళ్లలో గుండెజబ్బులు, పక్షవాతాలు ఉండవని ఒకప్పుడు అనుకునేవాళ్లు. గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో ఇంటింటికీ తిరిగి 1,354 చావులకు కారణాలు ఆరా తీశారు, 2006లో ప్రచురించారు. దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులే! అందులో గుండెపోటుదీ పక్షవాతానిదీ దాదాపు సమానమైన వాటా.

★ బత్తలపల్లెకు ఆస్పత్రి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టిన విసెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరారు. ఆయన మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థే ఈ కరువు సీమలో పెద్దాసుపత్రి కట్టింది. 2009లో కన్నుమూసిన ఆయన్ను సమాధి చేసింది కూడా బత్తలపల్లెలోనే! ఏడు సముద్రాల అవతలి మనిషికి మన ఊరి మట్టి సొంతమైంది.

★ ఆరోగ్యశ్రీ మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి! 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు. అంతకు ముందే, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు కూత పెట్టింది. దీనిలో ఒక మేలుంది, చాలామందికి తట్టదు. 108కి ఫోన్ చేయడానికి ఇంటి యజమాని అనుమతి అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. పక్కింటి పిల్ల కూడా చేయవచ్చు!

★ ఒక చిన్న పరీక్ష, పిల్లలు కూడా చేయగలిగింది. నవ్వమనండి, మూతి ఒకపక్కకు పోయిందా? రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి వాలిపోతోందా? పేరు, ఊరు చెప్పమనండి, మాట ముద్దగా వస్తోందా? ఒక్కటి తేడాగా ఉన్నా, అప్పుడు టైమెంతైందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగేది అదే!

★ పక్షవాతం వస్తుంటే లోపలి నుంచి గమనించిన శాస్త్రవేత్త ఎవరో తెలుసా? ఒక మహిళే! మెదడు మీద పరిశోధన చేసే జిల్ బోల్ట్ టేలర్‌కు 1996 డిసెంబరు 10న, 37 ఏళ్ల వయసులో, మెదడు ఎడమ భాగంలో నాళం చిట్లింది. నడక, మాట, చదువు ఒక్కొక్కటే పోతుంటే తన మెదడులో ఏ భాగం పనిచేయడం మానేస్తోందో తానే చూసుకుంది. తిరిగి పూర్తిగా కోలుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఎనిమిదేళ్లు! ఆరు నెలల్లో చెయ్యి లేవలేదని అవ్వను మూలకు వదిలేసేవాళ్లు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి.

★ చివరిగా, ఆడపుట్టుక పుట్టినందుకే ఒక మార్కు వేసే పరీక్ష ఉందంటే నమ్ముతారా? గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకు పక్షవాతం వచ్చే ముప్పును డాక్టర్లు మార్కులతో లెక్కిస్తారు. బీపీకి ఒకటి, షుగరుకు ఒకటి, 75 ఏళ్లు నిండితే రెండు, ఇంతకుముందు పక్షవాతం వచ్చి ఉంటే రెండు, ఆడమనిషి అయితే ఒకటి! ఎన్నో ఏళ్లు ప్రపంచమంతా ఈ లెక్కే నడిచింది. 2024లో యూరప్ గుండె వైద్యులు ఆ ఆడపుట్టుక మార్కును కొట్టేశారు, మిగతా మార్కులు అలాగే ఉంచారు. మీ అవ్వకు ఇప్పుడు ఎన్ని మార్కులు వస్తాయో లెక్కపెట్టి చూడండి!